మేనేజరు చీజ్ మరిగిన వైనం

పిల్లికి చీజ్ పెట్టొచ్చా, పెట్టకూడదా అన్న ప్రశ్న పెద్దకోడలికి పిల్లి మీద ప్రేమతో పుట్టింది కాదు. తోడికోడలి మీద పంతంతో పుట్టింది. ఆవిడ ఈ సంగతి చచ్చినా ఒప్పుకోదు. కథ చెప్పుకుంటున్న మనకి ఆ మొహమాటం ఎందుకు?

ఆ ఇంట్లో కింద కొట్టు, పైన కాపురాలు. కొట్టంటే కర్టెన్లు, దిండు గలీబులు, సోఫా తొడుగులు కుట్టే కొట్టు. పెద్దకోడలు కత్తిరిస్తుంది, చిన్నకోడలు కుడుతుంది. అన్నదమ్ములిద్దరూ బస్సుల డిపోలో మెకానిక్కులు. పొద్దున వెళ్ళి సాయంత్రం ఒంటినిండా నూనె మరకలతో వస్తారు. కొట్టు వ్యవహారాల్లో తలదూర్చరు. దూరిస్తే ఏమవుతుందో పెళ్ళయిన కొత్తలోనే చెరోసారి రుచి చూశారు. మేడ మీద మెట్లకి కుడివైపు వాటా పెద్దవాళ్ళది, ఎడమవైపు వాటా చిన్నవాళ్ళది, నడుమ వరండా.

ఈ రెండు వాటాలకీ, కింద కొట్టుకీ ఉమ్మడి ఆస్తి ఒకటుంది. దాని పేరు మేనేజరు. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి మెడ, ఎప్పుడూ ఎవరిమీదో ఫిర్యాదు ఉన్నట్టుండే మొహం. పనేమీ చెయ్యడు, అందరి పనీ చూస్తూ కూర్చుంటాడు. అందరికన్నా ఎక్కువ తొందరలో ఉన్నదెవరో కనిపెట్టి వాళ్ళ గుడ్డ మీదే పడుకుంటాడు. ఆ పేరు పెట్టింది చిన్నకోడలు. పెట్టిన రోజున ఇద్దరూ పనాపేసి కడుపు పట్టుకుని నవ్వారు. అప్పట్లో వాళ్ళకి నవ్వడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేకపోయేది.

ఆ నవ్వులకి నీళ్ళొదలాల్సి వచ్చింది ఒక్క మాటతో. ఎవరో పెద్ద ఇంటావిడ కొట్టుకి వచ్చి, వేలాడదీసిన కర్టెన్ల మడతలు వేళ్ళతో తడిమి చూసి, "ఎవరి చేతి పనండీ ఇది?" అని అడిగింది. చిన్నకోడలు నోట్లోంచి గుండుసూదులు తీసి, "నాదేనండీ" అంది. పెద్దకోడలు పక్కనే కత్తెరతో నిలబడి మిగతా వాక్యం కోసం ఎదురుచూసింది. మిగతా వాక్యం రాలేదు.

ఆ సాయంత్రం షట్టరు దించాక పెద్దకోడలు అడిగేసింది.

"నీదేనా ఆ పని?"

"కుట్టింది నేనే కదక్కా."

"నేను కత్తిరించకపోతే ఏం కుడతావు, గాలినా?"

"నేను కుట్టకపోతే నువ్వు కత్తిరించినవి పీలికలు."

నిజానికి ఇద్దరూ చెప్పింది నిజమే, అందుకే ఇద్దరికీ ఒళ్ళు మండింది. మాటామాటా పెరిగింది. చివరికి చిన్నకోడలు, "ఇకనుంచి మన మధ్య పని మాటలే అక్కా, ఇంకేం వద్దు" అంది. పెద్దకోడలు "మంచిది" అంది.

మామూలు మనుషులైతే రెండ్రోజుల్లో మర్చిపోయేవాళ్ళు. వీళ్ళు మాట మీద నిలబడే రకం, అదే వచ్చిన చిక్కు. ఆ రోజు నుంచి కొట్టులో టేపు, కత్తెర, సుద్ద, అంచు, మడత తప్ప ఇంకో మాట లేదు. పని మాట ఏది, కాని మాట ఏది అని తేల్చేవాళ్ళెవరూ లేరు గనక ఎవరికి వాళ్ళే న్యాయమూర్తులు. ఉక్కగా ఉందని చెప్పకూడదు. ఫ్యాను వేస్తే గుడ్డ ఎగురుతుందా అని అడగొచ్చు. తలనొప్పిగా ఉందని చెప్పకూడదు. ఈ నల్లగుడ్డ మీద నల్లదారం కళ్ళకి ఆనడం లేదు అనొచ్చు. అలా సందుల్లోంచి దూరి ఒకరి క్షేమం ఒకరు కనుక్కుంటూనే, ఎడమొహం పెడమొహంగా కాలం వెళ్ళదీశారు.

ఇంతలో పెద్దకోడలి చెవిన ఓ కబురు పడింది. పరుపులూ కర్టెన్లూ అమ్మే ఓ పెద్ద కంపెనీ వాళ్ళు చిన్నకోడల్ని తమ కుట్టుపని విభాగానికి రమ్మన్నారట. ఆవిడ సరేనందట. దగ్గర్లోనే ఇల్లు కూడా చూపిస్తారట, వచ్చే నెలలో మారిపోతారట. ఈ మాట తమ్ముడు అన్నకి చెప్పాడు, ఇద్దరూ ఒకే బస్సు కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగిస్తూండగా. అన్న ఇంటికొచ్చి భోజనాల దగ్గర భార్యకి చెప్పాడు.

పెద్దకోడలికి గుండెల్లో కలుక్కుమంది. వెళ్ళొద్దని చెప్పాలి. కానీ అది పని మాట కాదు. పైగా తనే ముందు దిగిరావాలి. తను దిగిరావడమా? అందుకని మొగుడితో, "అయితే పిల్లి ఎవరి దగ్గరుంటుంది?" అంది.

ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "పిల్లినే అడగండి. ఎవరి వాటాలో పడుకుంటే వాళ్ళదే" అన్నాడు. హాస్యానికన్నాడు పాపం. మర్నాడు ఆ హాస్యం బస్సు కిందుగా తమ్ముడికి చేరి, అక్కణ్ణుంచి ఎడమవైపు వాటాకి చేరి, సాయంత్రానికల్లా చట్టమైపోయింది.

మేనేజరు తన వాటాలో స్థిరపడితే చిన్నకోడలు వాణ్ణి వదిలి కదల్లేదు, కదల్లేకపోతే కొట్టూ వదల్లేదు, ఇదీ పెద్దకోడలు వేసుకున్న లెక్క. ఒక్క మాట అడిగితే తేలిపోయే పనికి అంత చుట్టుతోవ పట్టింది. బెట్టు మనిషిని ఎంత నడిపిస్తుందో చూడండి.

మేనేజరుకి చేప ముక్క పెడితే తిని ఎటో పోతాడు. కోడి ముక్క పెట్టినా అంతే. ఓరోజు పెద్దకోడలు రొట్టెలో చీజ్ పెట్టుకుని తింటూంటే మాత్రం వచ్చి, మోకాలి మీద చెయ్యేసి, కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. వాడి బలహీనత దొరికిందని ఆవిడ మనసు గంతేసింది. అంతలోనే భయమూ వేసింది. పిల్లి చీజ్ తినొచ్చా?

చీజ్ అమ్మే దుకాణంలో కుర్చీలో కూర్చున్న లావుపాటాయన్ని అడిగింది. "మా పిల్లి రోజూ తింటుందమ్మా, దాన్ని చూడండి ఎలా ఉందో" అని గర్వంగా బల్ల కింద చూపించాడు. అక్కడున్నది పిల్లో తలగడో ఆవిడకి వెంటనే బోధపడలేదు. పక్కింటి సంగీతం టీచర్ని అడిగితే, "పాలు తాగే ప్రాణికి చీజ్ ఏం చేస్తుందండీ, అదీ పాలేగా" అంది. ఫోనులో వెతికితే పెట్టొచ్చు అని ఒకచోట, పెట్టకూడదు అని ఒకచోట, పెట్టొచ్చు గానీ పెట్టకపోతే మంచిది అని మరోచోట ఉంది. పెద్దకోడలు తనకి నచ్చిన జవాబు దొరికేదాకా వెతికింది. చిన్న ముక్క, ఎప్పుడైనా ఒకసారి, పర్వాలేదు అని ఉన్నచోట ఆగి ఫోను పక్కన పెట్టేసింది. అందులో చిన్న ముక్క అన్న మాట కళ్ళకి ఆనింది గానీ, ఎప్పుడైనా ఒకసారి అన్నది అంతగా ఆనలేదు.

కత్తిరించే చెయ్యి కదా, చీజ్ ముక్క కూడా కొలతగానే కోసేది. అర అంగుళం పొడవు, అర అంగుళం వెడల్పు, పావు అంగుళం మందం. మేనేజరు దాన్ని ముందు వాసన చూసి, చుట్టూ ఓసారి చూసి, గుటుక్కుమనిపించి, మూతి నాక్కుని ఇంకేదని అడిగేవాడు. ఆవిడ ఇంకోటి కోసేది. రాత్రి ఆవిడ మంచం కాళ్ళ దగ్గరే పడుకునేవాడు. పొద్దున లేచేసరికి మాత్రం ఉండేవాడు కాదు. షికారుకి పోయాడనుకునేది. ఎడమవైపు వాటాలో ఏం జరుగుతోందో ఆవిడకి తెలీదు. మనకైతే ఈపాటికి తెలిసే ఉంటుంది.

కొన్నాళ్ళకి మేనేజరు తన మామూలు మేత ముట్టడం తగ్గించాడు. గిన్నె దగ్గరికి వచ్చి, దాన్ని చూసి, మనుషుల్ని చూసి వెళ్ళిపోయేవాడు. నీళ్ళు మాత్రం తెగ తాగేవాడు. "మేనేజరుగారికి జీతం పెరిగినట్టుంది, మామూలు భోజనం ఆనడం లేదు" అని పెద్దకోడలి మొగుడు జోకు వేశాడు. ఆవిడ నవ్వలేదు. ఎందుకో కాస్త గుబులేసింది. అయినా ఆ రోజూ ముక్క కోసింది.

ఒక హోటలు వాళ్ళ భోజనశాలకి కర్టెన్లు కుట్టే పని నడుస్తోంది. మీగడరంగు గుడ్డ, ఖరీదైనది, చేత్తో ముట్టుకుంటే మాసిపోతుందేమో అనిపించేది. బల్ల నిండా పరిచి పెద్దకోడలు సుద్దతో గీతలు గీస్తోంది. చిన్నకోడలు అవతలివైపు అంచు పట్టుకుని నిలబడింది. మేనేజరు అలవాటు ప్రకారం గుడ్డ నడుమ కూర్చుని పర్యవేక్షిస్తున్నాడు. ఉన్నట్టుండి లేచి, వీపు విల్లులా వంచి, రెండుసార్లు ఎగశ్వాస తీసి, అంత గుడ్డ మీదా వాంతి చేసుకున్నాడు. ఆ షాకు నుంచి తేరుకునే లోపల ఇంకో పని కూడా చేశాడు. అదేమిటో చెప్పను, గుడ్డ మీగడరంగుది కాబట్టి దాచడానికీ వీల్లేకపోయింది.

"గుడ్డ పోయింది" అంది పెద్దకోడలు.

"మళ్ళీ తెప్పించాలి" అంది చిన్నకోడలు.

రెండూ పని మాటలే. ఆ తర్వాత ఇద్దరూ మేనేజరుని చూశారు. వాడు బల్ల దిగి, గోడవారగా పడుకుని, తల నేలకి ఆనించేశాడు. పిలిస్తే చెవి కూడా కదపలేదు. చిన్నకోడలు పీలికల బుట్ట బోర్లించి ఖాళీ చేసి, అడుగున తన శాలువా పరిచి, వాణ్ణి అందులో పడుకోబెట్టింది. పెద్దకోడలు షట్టరు లాగేసింది. హోటలు వాళ్ళు ఏమంటారన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. బుట్ట చెరోవైపు పట్టుకుని పశువైద్యశాల దాకా దాదాపు పరుగే తీశారు.

డాక్టరమ్మ కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని మేనేజరు పొట్ట నొక్కి చూసింది. వాడు సన్నగా మూలిగాడు. ఆ మూలుగుకి ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"ఏం పెడుతున్నారు వీడికి?"

"పిల్లుల మేతేనండీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇంకా?"

పెద్దకోడలు గోడ మీదున్న కుక్క పళ్ళ బొమ్మ వైపు చూసింది. చిన్నకోడలు తన చెప్పుల వైపు చూసింది.

"చూడండి, ఏం తిన్నాడో చెప్పకపోతే నేను ఊహించి మందివ్వలేను" అంది డాక్టరమ్మ. "దాచుకునే విషయం కాదిది."

పెద్దకోడలు లోపల్లోపలే లెక్క వేసుకుంది. చీజ్ పెట్టానని చెప్తే ఎందుకు పెట్టావంటారు. ఎందుకు పెట్టావంటే అసలు సంగతి బయటపడుతుంది, అదీ తోడికోడలి ముందు. అప్పుడామెకి తెలిసిన ఒకే ఒక్క దారి తట్టింది.

"అర అంగుళం పొడవండీ" అంది. "వెడల్పు అర. మందం పావు."

"ఏమిటి?"

"చీజ్."

డాక్టరమ్మ ఏదో అనబోయేలోగా చిన్నకోడలు గొంతు సవరించుకుంది. "నాదీ అదే కొలతండీ. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఒక్కోసారి ఇంకోటి."

పెద్దకోడలు గిరుక్కున తిరిగి చూసింది. "నువ్వూనా?"

"నీ కొలతే అక్కా. ఇంకో కొలత నాకెవరు నేర్పారు?"

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికి తెలియకుండా ఒకరు పెట్టారన్నమాట. ఏం చీజ్ అది? వెల్లుల్లి గానీ ఉల్లిపాయ గానీ కలిపినదా? కొన్నిట్లో రుచికి కలుపుతారు. అది పిల్లులకి విషం, నెత్తురు పాడైపోతుంది."

ఈసారి ఇద్దరి మొహాలూ పాలిపోయాయి.

"నాది పసుపుపచ్చ కాగితంలోదండీ. ఉప్పగా ఉంటుంది, అంతే. మిగిలింది నేనే తినేదాన్ని" అంది పెద్దకోడలు.

"నాదీ అదేనండీ. నేనూ తినేదాన్ని" అంది చిన్నకోడలు.

డాక్టరమ్మ కాస్త నెమ్మదించింది. మేనేజరుకి చర్మం కింద నీళ్ళెక్కిస్తూ విడమరిచి చెప్పింది. చీజ్ విషమేమీ కాదు. కానీ పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, పాలతో చేసినవీ ఎక్కువైతే అరగవు. గట్టి చీజ్ కొంచెం నయం. అయినా అందులో ఉన్న ఉప్పూ కొవ్వూ ఇంత చిన్న ఒంటికి మరీ ఎక్కువ. మీకు చిన్నముక్కే, వాడికది ఒక పూట భోజనం. మీరిద్దరూ పెట్టినవి కలిపితే ఓ దిండయ్యేది.

"బతుకుతాడా?" అంది పెద్దకోడలు.

"బతక్కేం, రెండ్రోజుల్లో మళ్ళీ మీ నెత్తికెక్కుతాడు. కొన్నాళ్ళు చీజ్ అన్న మాటే ఎత్తకండి. పూర్తిగా కోలుకున్నాక ఎప్పుడైనా ముచ్చటపడితే శనగగింజంత, అదీ ఎప్పుడో ఒకసారి. అసలు పెట్టకపోయినా వాడికి పోయేదేమీ లేదు. పెడితే మాత్రం ఒక్కరి చేత్తోనే పెట్టాలి, రెండోవాళ్ళకి తెలిసి పెట్టాలి." డాక్టరమ్మ కళ్ళద్దాలు కిందికి లాక్కుని అడిగింది. "ఇంతకీ పిల్లి ఎవరిది?"



పెద్దకోడలికి నాది అనడం తేలిక. ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కదా ఈ భాగోతమంతా. కానీ బల్ల మీద నీరసంగా పడున్న ఆ బూడిదరంగు ఒంటిని చూస్తుంటే, అడగాల్సిన మనిషిని అడగలేక నోరులేని ప్రాణి కడుపు పాడుచేశానన్న సిగ్గు నిలువునా ముంచేసింది. తోడికోడలి వైపు తిరిగింది.

"నువ్వు వెళ్ళొద్దు" అంది.

చిన్నకోడలు తలెత్తింది. "ఇది పని మాటేనా?"

"కాదు."

"పిల్లి కోసమా?"

"పిల్లిని నువ్వే ఉంచుకో. నువ్వు లేకపోతే నాకు తోచదు. ఆ బల్లకి అవతల ఇంకో మనిషిని నిలబెట్టుకుని నేను కత్తెర పట్టలేను. ఇంత చిన్న సంగతి చెప్పడానికి పిల్లిని చంపుకోబోయాను." ఆవిడ మేనేజరు చెవి నిమిరింది. "ఆ రోజు నీదేనని చెప్పుకున్నావే, చెప్పుకో. నా పేరెత్తకపోయినా సరే. ఎదురుగా ఉండు, చాలు."

డాక్టరమ్మకి ఉన్నట్టుండి చేతులు కడుక్కోవాలనిపించింది. చాలాసేపు కడుక్కుంది.

చిన్నకోడలు ముక్కు చీదుకుని, మందు సీసా తీసుకుని, బుట్ట ఎత్తింది. వీధిలోకి వచ్చి సందు మలుపు దాకా నడిచింది. పెద్దకోడలు బుట్టకి రెండోవైపు పట్టుకుని, ఎందుకడిగానా అనుకుంటూ పక్కనే నడిచింది. బుట్టలోంచి మేనేజరు ఓసారి నీరసంగా మ్యావన్నాడు.

"నేను వాళ్ళకి సరేనన్నానక్కా" అంది చివరికి చిన్నకోడలు.

"తెలుసు."

"కావాలని అనలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఎంతో మర్యాదగా అడిగారు. మొహం మీద కాదనలేకపోయాను. ఇంటికొచ్చాక నువ్వు వద్దంటావు, ఆ వంకన మానేద్దాం అనుకున్నాను. రోజూ చూశాను. నువ్వేమో సుద్ద ఎక్కడుందని అడిగేదానివి."

పెద్దకోడలు నడక ఆపేసింది. "మరి నువ్వు చెప్పొచ్చుగా."

"ఎలా చెప్తాను, పని మాటలే అని అన్నది నేనైతే?" చిన్నకోడలికి నవ్వూ ఏడుపూ కలగలిసి వచ్చాయి. పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "రేపు నువ్వు నాతో రా అక్కా. నేనొక్కదాన్నే వెళ్తే మళ్ళీ టీ ఇస్తారు, మళ్ళీ సరేనంటాను. కాదని చెప్పడం నాకు చేతకాదు. నీకైతే పుట్టుకతో వచ్చిన విద్య."

ఇంకో రోజైతే ఆ మాటకి పెద్దకోడలు వారం రోజులు మొహం మాడ్చుకుని ఉండేది. ఇవాళ బుట్ట పిడిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"రేపటిదాకా ఎందుకు" అంది. "వీణ్ణి ఇంట్లో దింపి ఇప్పుడే పోదాం పద."